సాక్షి ఎవరు?

డాక్టరు: సార్, ఈ పేషెంటుకు బార్తెల్ స్కోరు నూటికి నూరు. తిండి, స్నానం, బట్టలు, మెట్లు, పది పనులూ తనే చేసుకుంటున్నాడు. పక్షవాతం నుంచి కోలుకున్నట్టేగా?

ఫిజియో: ఎలా ఉన్నావని అడిగావా అమ్మా? మాట తడబడుతుందని గడప దాటడం లేదతను. 1965లో ఆ స్కేలు ఇచ్చిన మహోనీ, బార్తెల్ అప్పుడే హెచ్చరించారు: నూరు వచ్చినా ఒంటరిగా బతకలేకపోవచ్చు, వంట చేసుకోలేకపోవచ్చు, నలుగురిలోకి వెళ్లలేకపోవచ్చు అని. స్కేలు పట్టుకున్నాం, హెచ్చరిక వదిలేశాం. జీవన నాణ్యతకు సాక్షి ఒక్కడే, ఆ జీవితం గడుపుతున్నవాడు.

డాక్టరు: ఆ సాక్ష్యాన్ని నమ్మేదెలా? కుడిచెయ్యి పడిపోయినవాడు కూడా ఏడాది తిరిగేసరికి ‘బాగానే ఉన్నా’నంటాడు. ఆశ చంపుకుని అనే మాట అది. దాన్నే స్కోరుగా రాస్తే, ఇక థెరపీ అక్కర్లేదని ఆసుపత్రి చేతులు దులుపుకుంటుంది.

ఫిజియో: గట్టి ప్రశ్నే. ఆల్‌బ్రెక్ట్, డెవ్లీగర్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఓ మోస్తరు నుంచి తీవ్రం దాకా వైకల్యం ఉన్నవాళ్లలో సగానికి పైగా తమ జీవితం బాగుందనో, చాలా బాగుందనో చెప్పారు. అందరూ ఆశ చంపుకున్నవాళ్లేనా? ఎడమచేత్తో రాయడం నేర్చినవాడికి ఆశ చావలేదు, దారి మారిందంతే. వయసుతో మన కోరికలు మారితే పరిణతి అంటాం. అతనివి మారితే ఓటమి అంటామా? ఇక థెరపీ సంగతి. చెయ్యి ఇంకా ఎంత లేస్తుందో పరీక్షించి తేల్చు. బతుకు ఎలా ఉందో అతన్ని అడుగు. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును రెండోదానికి వాడకూడదు.

డాక్టరు: నిజమే, రెండూ కలిపేశాను. మరి మాట పడిపోయినవాళ్లో?

ఫిజియో: చిన్న ప్రశ్నలు వేసి, బొమ్మలు చూపి, తలూపే వ్యవధి ఇస్తే చెబుతారు. అలాంటివాళ్ల కోసమే శాక్వల్-39 ప్రశ్నావళి ఉంది.

డాక్టరు: ఇంటివాళ్లను అడిగితే సులువు కదా?

ఫిజియో: ఇంటివాళ్లు చాలాసార్లు రోగి కన్నా తక్కువ మార్కులే వేస్తారు. వాళ్ల అలసట కూడా అందులో కలుస్తుంది. ఆ అలసటను విడిగా అడగాలి, అదీ ముఖ్యమే. అంతకన్నా బాధాకరం ఇంకోటి ఉంది. ఆరోగ్య స్థితిని అంకెగా చెప్పే ఈక్యూ-5డీ స్కోరుకు బ్రిటన్‌లో 1990లలో విలువలు కట్టింది మామూలు జనం. చావుకు సున్నా పెట్టి, కొన్ని స్థితులను అంతకన్నా హీనమని తేల్చారు. మందులకు ప్రభుత్వం డబ్బు పెట్టాలా వద్దా అన్న లెక్కల్లోకి ఇలాంటి విలువలే వెళతాయి. మంచం మీద ఉన్నవాడి బతుకుకు వెల కట్టడానికి తిరగగలిగేవాళ్లకు ఏం అధికారం?

డాక్టరు: ఒప్పుకుంటాను సార్. అయితే వరస ఏమిటి?

ఫిజియో: ముందు అతన్ని అడుగు, తర్వాత ఇంటివాళ్లను. మన స్కేళ్లు ఆ తర్వాతే. ఈ వరస తలకిందులైతే మనం కొలిచేది అతని వల్ల మనకు పడే పనినే.