పాత కబురు

ప్రేమ ఎక్కువైతే తప్పా అని ఎవరైనా అడిగితే, మొన్నమొన్నటి దాకా నవ్వి ఊరుకునేదాన్ని. తక్కువైతే తప్పుగానీ ఎక్కువైతే తప్పేమిటి? కూరలో ఉప్పా అది? అలా అనుకునే నాకు బుద్ధి చెప్పింది వేదాంతులు కాదు, మా పాత కారు!

కారుకు ఇరవై ఏళ్ళు. ఇంజను బోరుకొచ్చిందంటే, బషీర్‌బాగ్‌లో మా ఇంటి వెనక సందులో ఉన్న మెకానిక్ భాయ్ చేత మొత్తం విప్పించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించాం. మూడో రోజే మొదలైంది రభస. పొద్దున్న బాగానే స్టార్టవుతుంది. నాంపల్లి దాకా వెళ్ళి, పని చూసుకొచ్చి తాళం తిప్పితే ఉలకదు, పలకదు. ఎలాగో కదిలితే వెనక నల్లటి పొగ, లోపల పెట్రోలు కంపు.

"డబ్బు గుంజాడుగానీ లోపల ఏం వేశాడో దేవుడికెరుక" అని నలుగురిలో అనేశాను. భాయ్ విన్నాడు. మారు మాట్లాడలేదు. ప్లగ్గులు విప్పి నా ముందు పెట్టాడు. మసి పట్టి, తడితడిగా ఉన్నాయి.

"పెట్రోలు తక్కువై గాదమ్మా, ఎక్కువై ఆగుతుంది. బండి మునుగుతుంది" అన్నాడు.

ఒక పాలు పెట్రోలు సరిగ్గా మండాలంటే తూకంలో 14.7 పాళ్ళ గాలి కావాలట. మరీ ఎక్కువ పోస్తే మంట పెరగదు సరికదా, ప్లగ్గు తడిసి నిప్పురవ్వే పుట్టదు. మిగిలిన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. అప్పుడే వేసిన రింగులకు అది మరీ చేటు. అంటే, ఆలస్యం చేస్తే మేం పోసిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇక వెతుకులాట. పంపు ఒత్తిడి చూశాడు, సరిగానే ఉంది. రెగ్యులేటరు గొట్టం లాగి చూశాడు, పొడిగా ఉంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు బయటికి తీసి చూశాడు, ఒక్క బొట్టూ కారలేదు. మరి ఎక్కువ పోస్తున్నదెవరు?

ఇలాంటి కార్లలో ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు లెక్కకడుతుంది. 1967లో జర్మనీలోని బాష్ కంపెనీ ఈ ఎలక్ట్రానిక్ పద్ధతిని పెద్ద ఎత్తున కార్లలోకి తెచ్చింది. ఇంజను చల్లగా ఉంటే ఎక్కువ పెట్రోలు కావాలి, వేడెక్కాక తగ్గించాలి. ఆ వేడి సంగతి కంప్యూటరుకు చేరవేసేది బొటనవేలంత సెన్సరు.

భాయ్ దాన్ని ఊడదీసి, టీ కొట్టు నుంచి మరిగే నీళ్ళు తెప్పించి ముంచి, మీటరు పెట్టాడు. వేడి తగలగానే రెండు వేల ఓములకు పైగా ఉన్న అంకె రెండు మూడు వందలకు దిగిపోవాలి. అది వెయ్యి దగ్గరే మొరాయించింది.

"ఇంజను ఉడుకుతుంటే ఇది ఇంకా సల్లగుందని చెప్తుంది. అది పాపం నమ్మి పోస్తుంది."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇంజను బిగించేటప్పుడు ఆ సెన్సరు కూడా మారుస్తానన్నాడు. "పాతదే ఉంచండి, పనిచేస్తోందిగా" అన్నది నేనే. ఆ మాట ఆయన ఎత్తనైనా ఎత్తలేదు. నేనే ఎత్తి, నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకున్నాను. "పోనియ్యమ్మా" అన్నాడు.

మా పేటకు పేరిచ్చింది సర్ ఆస్మాన్ జా అనే పాయిగా నవాబు. బషీరుద్దౌలా ఆయన బిరుదు. ఇక్కడుండిన ఆయన మహలు ఇప్పుడు లేదు, పేరు మిగిలింది. బషీర్ అంటే శుభవార్త తెచ్చేవాడని అర్థం. శుభవార్త తెచ్చేవాడి పేరున్న పేటలో ఉంటూ, నా దాకా ఒక శుభవార్త రానివ్వలేదని ఆ రాత్రి తట్టింది నాకు.

మా అమ్మాయికి నాలుగేళ్ళ కిందట పెద్ద జబ్బు చేసింది. తగ్గింది. ఉద్యోగానికి వెళ్తోంది, తిరుగుతోంది. కానీ తగ్గిందన్న కబురు నా మనసుకు చేరలేదు. రోజుకు నాలుగు ఫోన్లు. తిన్నావా, మందేసుకున్నావా, ఎండలో తిరిగావా? "ఊపిరాడటం లేదమ్మా" అని ఒకరోజు పెట్టేసింది. ఆ తర్వాత ఫోను మోగుతుందిగానీ పలకదు. ప్రేమకు ఫలితమింతేనా అని ఏడ్చాను.

అలాగని ఇవ్వడం మానుకోవడం ధర్మమా? కాదు. చలి పొద్దున చాలినంత పెట్రోలు పోయకపోతే ఏ బండీ కదలదు. జబ్బునాడు నేను రాత్రిళ్ళు మేలుకోవడం తప్పు కాదు. నాలుగేళ్ళ తర్వాత కూడా ఆ రాత్రే నడుస్తోందనుకోవడం తప్పు. కంప్యూటరుకు పాపం అంటదు, అందిన కబురే దానికి లోకం. బానెట్ మీద చెయ్యి ఆనించి చూసుకోడానికి దానికి చెయ్యి లేదు. మనకుంది. ఉండీ చూసుకోకపోతే, మనం పోసేది ప్రేమే అయినా ముంచేది అవతలివాళ్ళనే.

మునిగిన బండిని లేపే చిట్కా కూడా భాయ్ చూపించాడు. ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి స్టార్టు చేస్తే, చాలా కార్లలో కంప్యూటరు పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పోనిస్తుంది. తడి ఆరాక బండి దానంతటదే అందుకుంటుంది.

నేనూ ఫోను పక్కన పెట్టాను. ఎంత కష్టమో చెప్పలేను. తొమ్మిదో రోజు అదే చేసింది.

"అమ్మా, బీరకాయ పచ్చడిలో చింతపండు ఎంత వెయ్యాలే?"

తిన్నావా అని నాలిక చివరిదాకా వచ్చింది. చింతపండు కొలత మాత్రం చెప్పాను.