పక్క మంచం వాళ్లు వింటున్నారు

 

ఈ వారం అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తీయండి. ఫిలిప్పీ పట్టణంలో పౌలు, సీలల బట్టలు లాగేసి బెత్తాలతో కొట్టారు. లోపలి చెరసాలలో వేసి కాళ్లకు బొండ బిగించారు. గాయాలు కడిగే దిక్కు లేదు. ఆ అర్ధరాత్రి ఇద్దరూ ప్రార్థన చేస్తూ పాటలు పాడారు. లూకా అక్కడ ఒక చిన్న సంగతి రాశాడు, మనం చదువుతూ దాటిపోతాం. మిగతా ఖైదీలు వింటున్నారంట.

ఆ ఖైదీలకు ఎవరూ ప్రసంగం చెయ్యలేదు. తిట్టు రావాల్సిన నోట్లోంచి పాట వచ్చింది, అది విన్నారు.

ఈ గల్ఫ్ దేశాల్లో వీధిలో నిలబడి సువార్త చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. మరి సాక్ష్యం ఎలా అన్నా అని తమ్ముళ్లు అడుగుతుంటారు. రూములో ఎనిమిది మంది ఉంటే మిగతా ఏడుగురికీ మనం ప్రార్థనకు పోతామని తెలుసు. బాత్రూం కడిగే వంతు వస్తే ఏం చేస్తామో చూస్తారు. జీతం రాని తమ్ముడు మెస్ డబ్బులు కట్టలేకపోతే మన మొహం ఎలా మారుతుందో చూస్తారు. నైట్ డ్యూటీ చేసి వచ్చినవాడు పడుకుంటే ఫోన్ సౌండ్ తగ్గించండి, పెట్టింది దేవుని పాటలైనా సరే. ఈ మాట కొందరు విశ్వాసులకు నచ్చదు, అయినా చెప్తున్నా.

సంతోషం అంటే ఊరికే నవ్వుతూ తిరగడం కాదు. ఇంటికాడ అమ్మకు బాగాలేదని ఫోనొస్తే ఏడుపొస్తుంది, ఏడవండి. పౌలు తర్వాత సంకెళ్లలో ఉండి అదే ఊరి సంఘానికి పత్రిక రాశాడు. సంతోషించమని మళ్లీ మళ్లీ చెప్పిన ఆ పత్రికలోనే, 3వ అధ్యాయంలో, ఏడుస్తూ చెప్తున్నానని కూడా అన్నాడు.

మళ్లీ ఆ రాత్రికి వద్దాం. భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు కత్తి దూసుకున్నాడు. పౌలు గట్టిగా కేకేసి ఆపాడు. తన కాళ్లకు బొండ వేసిన మనిషి ప్రాణం కాపాడాడు! మనల్ని రోజూ తిట్టే ఫోర్‌మ్యాన్ కింద పరంజా కదులుతుంటే మనం కేకేస్తామా? ఆ చెరసాల నాయకుడే తర్వాత వాళ్ల గాయాలు కడిగి, ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు.

తగ్గింపు అంటే నోరు మూసుకుని పడుండడం అనుకోవద్దు. తెల్లారి అధికారులు గుట్టుగా వెళ్లిపొమ్మంటే పౌలు కదల్లేదు. విచారణ లేకుండా రోమీయులను కొట్టారు, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వచ్చి బతిమాలుకున్నారు. మూడు నెలల జీతం ఆపితే లేబర్ ఆఫీసుకో ఎంబసీకో పోవడం పాపం కాదు తమ్ముడూ. కాగితాలు పట్టుకుని పో, బూతులు మాత్రం వద్దు.

ఈ రాత్రి 16 నుంచి 40 వచనాల దాకా చదవండి. చదివాక రూములో ఒక్కొక్కరి పేరు పెట్టి ప్రార్థన చెయ్యండి. మాటలు మానేసినవాడి పేరు ముందు. ఎండలో పనిచేసేవారిని, నైట్ డ్యూటీకి పోయేవారిని ప్రభువు కాపాడును గాక. ఆమెన్.