తెగిన పోగును ముడివేయు ప్రేమ

ధ్యాన భాగములు: మత్తయి 18:15-17, గలతీయులకు 6:1, అపొస్తలుల కార్యములు 18:24-28



కుంఠా నాకాలో సాంచాల చప్పుడు మధ్య బ్రదికే మనకు ఒక సంగతి బాగా తెలుసు. చాదరు నేసేటప్పుడు పడుగులో ఒక పోగు తెగితే, పని తెలిసినవాడు సాంచా ఆపి, తెగిన కొసను వెదకి, ముడివేసి మరల నడిపిస్తాడు. "నాకెందుకులే" అని వదలితే ఆ లోపము బట్ట పొడవునా సాగిపోతుంది. అలాగని ఒక్క పోగు కొరకు పడుగంతా కోసి పారవేసేవాడూ లేడు. సహోదరుని తప్పు విషయములో మనము ఈ రెండు పొరపాట్లూ చేస్తున్నాము.

తప్పిపోయినవానిని సాత్వికముతో మంచి దారికి తేవలెనని పౌలు గలతీ సంఘమునకు వ్రాసెను. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాటయే మత్తయి 4:21లో జెబెదయి కుమారులు వలలు బాగుచేసుకొన్న సందర్భములోను కనబడుతుంది. కాబట్టి దిద్దుట అనగా శిక్షించుట కాదు, తిరిగి పనికివచ్చునట్లు బాగుచేయుట.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవలెను. చాలా సంవత్సరముల క్రితము సంఘములో ఒక యౌవనస్థుడు వారపు కూలి చేతికి రాగానే త్రాగుటకు అలవాటుపడ్డాడు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను. తప్పు కనబడితే ఎఱ్ఱ సిరాతో గీత గీయుట నాకు అలవాటు. ఆ ఆదివారము పేరు చెప్పకుండ త్రాగుడును గూర్చి కఠినముగా మాట్లాడాను. అందరి తలలు అతని వైపు తిరిగాయి. మరుసటి ఆదివారము అతడు రాలేదు. ఆ తరువాతా రాలేదు. సత్యము చెప్పితినని నేను మాత్రము తృప్తిపడ్డాను.

ఒకనాడు బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ నన్ను తన గుమ్మము దగ్గర ఆపింది. చుట్టూ ఎవరూ లేరు. "సారూ, మైకుల మంచిగనే చెప్పినవు. గని ఆ పిలగాని ఇంటికి ఒక్కనాడన్న పోయినవా?" అని మెల్లగా అడిగింది. నాకు మాట రాలేదు. నేను ఎన్నోసార్లు బోధించిన మత్తయి 18:15ను ఆమె నా యెడల చేసి చూపింది.

ఆ సాయంత్రమే వెళ్ళి, ముందుగా నేనే క్షమాపణ అడిగాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తీరని అప్పును గూర్చి చెప్పాడు. త్రాగుడు ఒక్క దినములో మానలేదు. ఎన్నోసార్లు ఆ ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. కాని ప్రభువు కృపవలన అతడు మరల మన మధ్య కూర్చున్నాడు.

అకుల, ప్రిస్కిల్లలను చూడండి. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోము విడిచి, కొరింథులో డేరాలు కుట్టి బ్రదికిన వలస కుటుంబము వారిది. తరువాత ఎఫెసులో అపొల్లో గొప్ప వాగ్ధాటితో బోధించుట విన్నారు. అతడు యోహాను బాప్తిస్మము మాత్రమే ఎరిగినవాడు. వారు సమాజమందిరములో లేచి అతనిని అవమానపరచలేదు. తమ యొద్దకు చేర్చుకొని దేవుని మార్గమును మరింత పూర్తిగా వివరించారు. అతడు కూడ వినుటకు సిగ్గుపడలేదు. అందువలన అకయలోని విశ్వాసులకు ఎంతో సహాయకుడయ్యెను.

కాబట్టి ప్రియులారా, వెళ్ళకముందు మన కంటిలోని దూలమును చూచుకొందము. మొదట ఒంటరిగా వెళ్ళుదము. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొందము. సంఘము ఎదుట పెట్టుట చివరి మెట్టు. ఇంటికి వెళ్ళకముందే నల్లా దగ్గర చెప్పుకొనుట దిద్దుబాటు కాదు, కొండెము. మన బాప్తిస్టు సంఘములలో పైనుండి తీర్పు తీర్చే బిషప్పు లేడు. ఒకరి భారము ఒకరు మోయు బాధ్యత సభ్యులందరిది.

వచ్చే ప్రభురాత్రి భోజనమునకు ముందు మనము ఎవరి గడప తొక్కవలసి యున్నదో ప్రార్థనలో అడుగుదము. మన తప్పు చెప్పుటకు ఎవరైన మన గడపకు వస్తే, చాప వేసి కూర్చుండబెట్టుదము. అట్టి కృప ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.