మంచులో కనబడని ముఖము

ధ్యానభాగములు: హోషేయ 6:4, లూకా 10:30-37



గడచిన క్రిస్మసు పండుగ తరువాత మా సంఘ యౌవనస్థులు కొందరు లంబసింగి వెళ్లి వచ్చిరి. అది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలములో, సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్న ఊరు. 'ఆంధ్రా కాశ్మీరు' అని దానికి పేరు. శీతకాలపు వేకువను అక్కడి లోయలు పాలు పోసినట్లు మంచుతో నిండును. వారు ఫోనులో తెచ్చిన ఫోటోలు మాకు చూపిరి. ఒకదానిలో ఒక వృద్ధురాలు మంచు మధ్యను చలిమంట కాచుకొనుచున్నది. చూచుటకు ఎంతో అందముగా నున్నది. "ఈ తల్లి ఎవరు?" అని అడిగితిమి. ఎవరికిని తెలియదు. ఆమెను పలుకరించినవారే లేరు.

వారిని మందలింపబోయి ఆగితిమి. ఏలయనగా మేమును అట్టివారమే. సంక్రాంతి తరువాత ఒక వేకువను, మిరపకాయ కోతకు పోవు తల్లులు మంచులో నీడలవలె సాగుచుండగా, మేము గట్టున నిలిచి ఫోటో తీసితిమి. వారిలో, ఎకరము కౌలుకు చేయుచున్న ఒక సహోదరి నవ్వి, "అయ్యగారూ, మీకిది బొమ్మ. మా కళ్లంలో కాయ చెమ్మగిల్లింది. ఎండ రాకపోతే రంగుపోయి తాలైపోద్ది" అనెను.

ఆ మాట మమ్మును వదలలేదు. ఆకాశము నిర్మలముగా, గాలి నిశ్చలముగా నున్న రాత్రి నేల తన వేడిమిని కోల్పోవును. నేలనంటిన గాలి చల్లబడి, అందలి తేమ సన్నని నీటిబొట్లగును. కొండలోయలోనైనను మన పత్తి, మిరప చేలలోనైనను ఆ మంచు ఒక్కటే. నిలిచి చూచువానికి అది అందము. పంట ఆరబోసినవానికి దిగులు.

అట్లయిన ఫోటో తీయుట పాపమా? కొందరు పెద్దలు రెండవ ఆజ్ఞను చూపుదురు. ఆ ఆజ్ఞ విగ్రహములకు సాగిలపడుటను గూర్చినది గాని, జ్ఞాపకార్థమైన చిత్రమును గూర్చినది కాదు. మంచును కలుగజేయువాడు దేవుడేయని 147వ కీర్తన సాక్ష్యమిచ్చుచున్నది. ఆయన చేసినదానిని చూచి సంతోషించుట తప్పు కాదు.

అయితే యెరికో త్రోవలో యాజకుడును లేవీయుడును గాయపడినవానిని చూచిరి గదా! వారి కన్నులకు లోపము లేదు. చూచి తొలగిపోవుటయే వారి దోషము. సమరయుడును చూచెను, కాని దగ్గరకు వచ్చెను. భేదమంతయు ఆ నాలుగడుగులలోనే యున్నది. తన ప్రజల భక్తి ప్రొద్దెక్కకమునుపే విడిపోవు మంచువంటిదని హోషేయ దినములలో దేవుడు దుఃఖపడెను. ఫోటో చూచి "అయ్యో పాపము" అని, వ్రేలితో దానిని ప్రక్కకు జరుపు జాలియు అట్టిదే.

కాబట్టి యౌవనులారా, వెళ్లుడి, చూడుడి. ఒకరి ముఖమును తీయకమునుపు నమస్కరించుడి, పేరు తెలిసికొనుడి, అనుమతి అడుగుడి, వద్దన్నచో మానుడి. మరునాడు మేము ఆ సహోదరి కళ్లమునకు పోయి, పట్టాలు తొలగించి కాయను ఎండకు నెరపుటలో చేయి కలిపితిమి. లంబసింగి తల్లి పేరు మాత్రము మాకు నేటికిని తెలియదు. ఆమెను పేరుపెట్టి ఎరిగిన ప్రభువు మన కన్నులను తెరచి, మన కాళ్లనుకూడ కదలించును గాక. ఆమేన్.