చమురు కారు బండియు, చెప్పని మాటయు

పాత వస్తువును అమ్మువాడు దాని లోపమును కొనువానికి తానై చెప్పవలెనా, లేక అడిగినప్పుడు చెప్పిన చాలునా? ఇది మహాపండితుల సభలలో చర్చింపబడు ప్రశ్న కాకపోవచ్చును. కాని మన యిండ్ల ముంగిట తఱచుగా నిలుచు ప్రశ్న. ముఖ్యముగా మన కోలారు బంగారు గనుల సీమలో దీనిని ఎదుర్కొనని కుటుంబము అరుదు. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిదప ఎందఱో సామాను అమ్ముకొని బెంగుళూరునకో చిత్తూరునకో తరలిపోయిరి. బీరువాలు, కుట్టుమిషన్లు, స్కూటర్లు, కార్లు చేతులు మారినవి. అమ్మినవాడు ఊరు విడిచి పోవును. కొన్నవాడు ఆ వస్తువుతో ఇక్కడనే యుండును. ఈ ప్రశ్నకు గల బరువంతయు ఆ భేదమునందే యున్నది.

ఒక ఉదాహరణము చెప్పెదను. రాబర్ట్‌సన్‌పేటలో గనుల ఫిట్టరుగా పనిచేసి విరమించిన యొక పెద్దమనిషి కుమారుని యొద్దకు పోవుచు తన అంబాసిడరు కారును అమ్మదలచెను. ఆ బండికి ఇంజను ఆయిలు కారుచుండెను. ఇంజను నెత్తిన నుండు టాపెట్ కవరు క్రింది కార్కు గ్యాస్కెట్టు, మన మెకానిక్కులు ప్యాకింగు అనునది, ఏండ్ల వేడికి ఎండి, బిఱుసెక్కి, చిట్లినది. ఆయిలు ఇంజను ప్రక్కగా జారి వేడి గొట్టముపై పడి పొగ వాసన వేయుచుండెను. కుమారుడు అన్నాడు గదా: "కిరసనాయిలుతో కడిగి, తుడిచి ఇచ్చేద్దాము నాయనా. వాళ్లు చూచేటప్పటికి ఏమీ కనబడదు. తర్వాత కారితే పాత బండికి అది మామూలే కదా." తండ్రి మారుమాటాడక స్పానరు తెమ్మనెను.

ఆ పని కష్టమైనది కాదు. పైనున్న రెండు నట్లు విప్పిన కవరు లేచివచ్చును. పట్టుకొనియున్న పాత కార్కును మొండి కత్తితో ఓపికగా గీకవలెను. తునకలు ఇంజనులో పడకుండ గుడ్డ అడ్డము పెట్టవలెను. రెండు ముఖములను తుడిచి, కొత్త ప్యాకింగును కవరు వైపున మాత్రము అంటించి, సరిగా కూర్చుండబెట్టి, రెండు నట్లను సమముగా బిగింపవలెను. ఇక్కడనే చాలమంది పొరపడుదురు. ఎంత గట్టిగా బిగించిన అంత మంచిదని తలంతురు. అతిగా బిగించినచో కార్కు నలిగి చీలును, ఱేకు కవరు వంగును, మరల కారుట ప్రారంభమగును. పెద్దాయన ఒక పూటలో పని ముగించి, ఇంజను నడిపి, రాత్రి బండి క్రింద వార్తాపత్రిక పఱచి యుంచెను. తెల్లవారునప్పటికి కాగితముపై చుక్క లేదు. కొనువాడు వచ్చినప్పుడు, "ప్యాకింగు పోయి కారుచుండెను, మార్చితిని" అని చెప్పి అమ్మెను.

ఇంతవరకు చిక్కులేదు. బాగుచేయుటకు స్వల్పమైన ఖర్చు, ఒక పూట శ్రమ చాలినచోట ధర్మము చౌకగా లభించును. కాని ఆ కుమారుని మాటను తేలికగా త్రోసివేయరాదు. అమ్మకమునకు ముందు బండి కడుగుట అందఱు చేయునదే. ఇల్లు అమ్మువాడు సున్నము వేయడా? దోషమెక్కడ?

నా ఉద్యోగకాలమంతయు కాగితముల నడుమ గడచినది గనుక నాకు చట్టము జ్ఞప్తికి వచ్చును. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టము 17వ సెక్షనులో వంచన యననేమో చెప్పబడినది. తెలిసిన విషయమును పూని మఱుగుపఱచుట వంచన. ఊరక మౌనముగా నుండుట సాధారణముగా వంచన కాదు. అచట ఒక గుఱ్ఱపు ఉదాహరణ కలదు. ఒకడు రోగపు గుఱ్ఱమును వేలములో అమ్మెను. దాని సంగతి ఎఱిగియు పలుకలేదు. అది వంచన కాదట. ఆ కొన్నది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కూతురే యైనచో, ఆ సంబంధమును బట్టి చెప్పుట అతని విధి యగును.

ఈ న్యాయము ప్రకారము ఆయిలును చూచియు చూడనట్లు ఊరకుండుట ఒకటి, లోపము కనబడకుండుటకై తుడుచుట మఱొకటి. అదే గుడ్డ, అదే కిరసనాయిలు, ఉద్దేశము వేఱు. శుభ్రతకై తుడిచెనా, కన్నుగప్పుటకై తుడిచెనా యనునది తుడిచినవాని కొక్కనికే నిశ్చయముగా తెలియును.

ఆ కూతురి ఉదాహరణమే నన్ను చాల ఆలోచింపజేసినది. కూతురికెందుకు చెప్పవలెను? రక్తసంబంధము చేతనా? నాకట్లు తోచదు. కూతురు తండ్రి అమ్ము గుఱ్ఱము పండ్లు పట్టి చూడదు. నమ్మి తీసికొనును. విధికి మూలము ఆ నమ్మకము. అట్లయినచో మన చిన్న తెలుగు సమాజమున "మనవాడే కదా" యని మెకానిక్కును వెంటబెట్టుకొని రాక బండి తోలుకొనిపోవువాడు కూతురి స్థానములో నున్నవాడే. మంచిది. అయితే తమిళుడో, కన్నడిగుడో, ఉర్దూ మాటాడు సోదరుడో వచ్చినప్పుడు నోరు మూసికొనవచ్చునా? కొందఱు, "తెలుగువాడు మోసము చేసెనని సంఘమునకు అపకీర్తి వచ్చును, కావున చెప్పవలెను" అందురు. ఆ భయము మంచిదే గాని అది భయము మాత్రమే. ఎవ్వరికిని తెలియదని నిశ్చయమైన నాడు అది నిలువదు. నమ్మి వచ్చినవాడు ఏ భాషలో నమ్మెనని చూడబనిలేదు. మహాభారత శాంతిపర్వమున తలలో పక్షులు గూడుకట్టు నంతటి తపము చేసిన జాజలి, కాశీలోని తులాధారుడను వర్తకుని యొద్దకు ధర్మము నేర్వబోవలసి వచ్చెను. ఆ వర్తకుడు చూపినది సర్వులకును సమముగా నిలుచు తన తక్కెడనే.

ఎదుటి పక్షమునకును బలము లేకపోలేదు. క్రీ.పూ. 44లో రోమను పండితుడు సిసిరో తన ధర్మగ్రంథమున ఇట్టి తగవునే వినిపించెను. లోపములున్న ఇంటిని చెప్పక అమ్మిన వానిని గూర్చి ఇద్దఱు తత్త్వవేత్తల వాదమది. డయోజెనీసు, కొనుమని బలవంతము చేయలేదు గదా, చూచుకొను బాధ్యత కొనువానిది అనెను. ఆంటిపేటరు, అది దారి తప్పినవానికి దారి చూపకపోవుటకంటెను హీనమనెను. నేను పూర్తిగా ఆంటిపేటరు పక్షము వాడను కాను. అనుభవజ్ఞుడగు బ్రోకరు తన మెకానిక్కును తెచ్చి, రెండు గంటలు బండి తోలి చూచి బేరమాడినచో, అమ్మువాడు ప్రతి గీటును ఏకరువు పెట్టవలెనని నేననను. ఇరువురును సమానమైన చూపుతో నిలిచిన బేరమది.

అసలు పరీక్ష హెడ్ గ్యాస్కెట్టు దగ్గఱ వచ్చును. అది ఇంజను దిమ్మెకును తలకును నడుమ నుండునది. అది పోయినచో నీరు ఆయిలులో కలియవచ్చును, ఇంజను చెడవచ్చును. దానిని మార్చుటకు తల విప్పవలెను. నట్లను నడుమ నుండి అంచులకు వరుసగా, దఫదఫాలుగా బిగింపవలెను. తెలియనివాడు ఇంటిలో చేయదగిన పని కాదు. ఖర్చును పెద్దదే. దానిని మార్చింపక నిజము చెప్పిన ధర తెగిపోవును. చెప్పకున్న కొన్నవాడు నడిరోడ్డున నిలుచును. ఇక్కడ మౌనమునకు నేను ఒప్పుకొనను. మార్చి చక్కగా నడచుచున్నను ఆ సంగతి చెప్పవలెననియే నా మతము. టాపెట్ కవరు మాటయైనచో, మార్చిన పిదప చెప్పకపోయినను తప్పులేదు. ఆ పెద్దాయన చెప్పుట ఆయన పెద్దఱికము.

చట్టములోని ఆ గుఱ్ఱమునకు మూడవ ఘట్టమొకటి కలదు. కొనువాడు, "నీవు కాదనకున్నచో గుఱ్ఱము బాగున్నదనుకొందును" అనెను, అమ్మువాడు పలుకలేదు. అప్పుడా మౌనము పలుకుతో సమానమని చట్టము నిర్ణయించినది. మన యూళ్లలో కొనువాడు అంతటి నిక్కచ్చి వాక్యము పలుకడు. బండి చుట్టు ఒకసారి తిరిగి, "బండికి ఏమీ లేదు కదన్నా?" అని నవ్వును. అమ్మువాడు లోనికి తిరిగి, "ఒసే, కాఫీ తీసుకురా" అని కేకవేయును. ఆ కాఫీ వచ్చులోపల ఆయన సమాధానము చెప్పియే యున్నాడు.