అంట్లు ముందా, అక్షరాలు ముందా?



కిందటి నెల స్త్రీల సమాజపు కూడికలో, ప్రార్థన ముగిసి చాయ్ పోస్తున్న వేళ, ఒక చిన్న వయసు తల్లి లేచి ఒక మాట అడిగింది. "వారమంతా చేసినా ఇంటి పని తరగదు. మా బాబు చేతిరాత బాగా లేదని టీచరు రోజూ చీటీ పంపుతుంది. పని మానుకొని వాని పక్కన కూర్చుంటే మా అత్తమ్మకు కోపం. పని చేసుకుంటే టీచరుకు కోపం. ఏది మానితే పాపమో చెప్పండి" అన్నది. అందరూ నవ్వారు. ఎవరో మార్త, మరియల సంగతి ఎత్తారు. ఆ సంగతి వచ్చినప్పుడల్లా మార్త పక్షాన మాట్లాడబుద్ధి వేస్తుంది నాకు, ఎందుకంటే ఆ రోజు వంట ఎవరో ఒకరు చేయవలసిందే గదా. కాని ఆమె అడిగింది అది కాదు. ఆమె ప్రశ్న ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఇరవై ఏళ్ళ క్రితం అదే ప్రశ్న దగ్గర నేను తప్పటడుగు వేశాను గనుక ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మన కామాఠిపుర ఎవరి పేరున వెలసిందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. బొంబాయిని కట్టడానికి నైజాం ఇలాకా నుంచి వచ్చిన మన తెలుగు కూలీలు, కామాఠీలు. రాళ్ళు మోశారు, రోడ్లు వేశారు, గోడలు లేపారు. కూలి పుచ్చుకొనేటప్పుడు వారిలో చాలామంది వేసింది వేలిముద్రే. అటువంటి వారి మనుమలకు, మునిమనుమలకు చేతిరాత మీద ఇంత మోజు ఎందుకో బయటివారికి అర్థం కాదు. మా మామగారు మిల్లులో పని చేసినవారు. 1982 జనవరి 18న సమ్మె మొదలైనాక మళ్ళీ ఆ గేటు లోపలికి పోలేదు. ఆయనకు సంతకం ఒక్కటే వచ్చు. ఆ సంతకం ఎంత శ్రద్ధగా చేసేవారంటే, ఆయన పెన్ను పట్టుకుంటే ఇంట్లో మాటలు ఆగిపోయేవి. మా చిన్నవాని నోటుపుస్తకం చూసి, "కోడి గెలికినట్టున్నది, దీనికా ఫీజు కడుతున్నరు?" అన్నది ఆయనే.

2004లో వాడు మూడో తరగతి. మా ఖోలీ పది అడుగులు, పన్నెండు అడుగులు. ఒక మూల మోరీ, ఒక మూల పొయ్యి, మిగిలినది ఆరుగురికి. తెల్లవారుజామున నాలుగింటికి నల్లా వచ్చేది. రెండు డ్రమ్ములు, ఆరు బిందెలు నిండాలి. వారానికి నాకొక లెక్క ఉండేది, క్యాలెండరు వెనుక రాసి పెట్టుకున్నాను. సోమవారం దుప్పట్లు, మంగళవారం బియ్యం పప్పులు ఏరడం, బుధవారం అటక దులపడం, గురువారం రేషను, శుక్రవారం డ్రమ్ములు కడగడం, శనివారం గుడికి వేసుకొనే బట్టలు ఉతికి ఇస్త్రీ. ఆదివారానికి ఏమీ రాయలేదు. ఏమీ రాయకపోయినా వంట, అంట్లు ఆ రోజు కూడా ఉండేవి. ఇందులో పిల్లవాని రాత ఎక్కడ? నేల తుడిచి ఆరిన పావుగంటలో వాడు బోర్లా పడుకొని రాసుకోవాలి. మేజా లేదు, కుర్చీ లేదు. పుస్తకం అంచులు ఎప్పుడూ తడిగా ఉండేవి.

ముందు నేను వానిది బద్ధకం అనుకున్నాను. స్కేలుతో వేళ్ళ మీద కొట్టాను కూడా. అది రాయకుండా దాచిపెట్టడం నాకిష్టం లేదు. తర్వాత ఒక సాయంత్రం బియ్యం చేట పక్కన పెట్టి, ఊరికే వాడు రాసేది చూశాను. అప్పుడు తెలిసింది. వానికి మూడు లిపులు. హిందీ, మరాఠీ అక్షరాలు పైన అడ్డగీతకు వేలాడతాయి, దండెం మీద బట్టల్లాగా. ఇంగ్లీషుకు నాలుగు గీతలు, ఏ అక్షరం ఎక్కడిదాకా పోవాలో గీతే చెబుతుంది. మన తెలుగు అక్షరం గీత మీద కూర్చుంటుంది, వత్తులు కిందికి దిగుతాయి, తలకట్టు పైకి పోతుంది. బళ్ళో తెలుగు లేదు. మేము ఇంట్లోనూ, ఆదివారం బడిలోనూ నేర్పుకొన్నదే. వాడు తెలుగును కూడా పై గీతకు వేలాడదీసి రాస్తున్నాడు. వత్తుకు చోటు చాలక కింది వరుసలోకి దూరుతున్నది. మ, య ఒకటే అయిపోతున్నాయి. మూడు ఊళ్ళ మర్యాదలు ఒకేసారి నేర్చుకొనే పిల్లవాడు ఒక ఊరి నమస్కారం ఇంకో ఊళ్ళో పెట్టినట్టు ఉంది వాని పని. దానికి స్కేలుతో వేళ్ళ మీద కొట్టడం నా అజ్ఞానం.

గాంధీగారు తమ ఆత్మకథలో తమ చేతిరాత గురించి ఒక చోట బాధపడ్డారు. చిన్నప్పుడు మంచి రాత చదువులో భాగం కాదనుకొన్నారట. తర్వాత దక్షిణాఫ్రికాలో లాయర్ల, కుర్రవాళ్ళ అందమైన రాత చూసి సిగ్గుపడ్డారట. పిల్లలకు అక్షరాలకంటె ముందు బొమ్మలు గీయడం నేర్పాలన్నది ఆయన అభిప్రాయం. ఇది నాకు నచ్చింది. అక్షరం కూడా ఒక బొమ్మే, చూసి గీసేదే. అయితే అంత వంకర రాత రాసిన చేతితోనే ఆయన అన్ని వేల ఉత్తరాలు రాశారన్నది కూడా మరువరాదు. రాత బాగా లేనివాడు చెడ్డవాడూ కాదు, తెలివితక్కువవాడూ కాదు. మరి ఎందుకు దిద్దాలి? చదివేవాని కోసం. పాలమూరులో ఉన్న అవ్వకు మనం కార్డు రాస్తే, పోస్టుమాను దాన్ని గుమ్మం దగ్గర నిలబడి చదివి వినిపించేవాడు. మన వంకర అక్షరం దగ్గర ఆయన ఆగితే అవ్వ గుండె ఆగేది. ఏం జరిగిందో, ఎవరికి జబ్బో అని. అక్షరం అందంగా ఉండనక్కరలేదు, ఆ ముసలిదాన్ని భయపెట్టకుండా ఉంటే చాలు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

వాని బళ్ళో మరాఠీ శుద్ధలేఖన్ వారానికి ఐదు పేజీలు రాసి శనివారం చూపించాలి. ఒక శుక్రవారం రాత్రి రెండు పేజీలు రాసి పెన్సిలు చేతిలో ఉండగానే నిద్రపోయాడు. అంట్లు మోరీలో ఉన్నాయి, డ్రమ్ములు కడగలేదు, తెల్లవారి నాలుగింటికి నల్లా. వాణ్ణి లేపితే ఏడుస్తాడు, ఖోలీ అంతా లేస్తుంది. నేను పెన్సిలు తీసుకొని మిగతా మూడు పేజీలు వాని రాతలాగే కొంచెం వంకరగా రాసేశాను. వానికంటె కొంచెం బాగానే వచ్చింది. అరగంట పట్టలేదు. పని తెమిలిందని ఆ రాత్రి హాయిగా పడుకొన్నాను.

శనివారం టీచరు ఆ పేజీ కింద 'ఛాన్' అని రాసి, నక్షత్రం వేసి, క్లాసుకంతా చూపించిందట. వాడు ఇంటికి వచ్చి పుస్తకం నా ముందు పెట్టి, సంతోషం లేదు, దుఃఖం లేదు, "అమ్మా, రేపు కూడ నువ్వే రాస్తవా?" అన్నాడు.

సహాయం అంటే ఏమిటని నేను మొదటిసారి ఆలోచించింది ఆ రోజే. వాని అంగీ నేను ఉతుకుతాను, అది అబద్ధం కాదు. వాని అన్నం నేను వండుతాను, అదీ కాదు. మరి వాని పేజీ నేను రాస్తే ఎందుకు అబద్ధమైంది? అంగీ ఎవరు ఉతికారని ఎవరూ అడగరు, శుభ్రంగా ఉంటే చాలు. పేజీ అట్లా కాదు. అది ఈ చేయి ఇంత నేర్చుకొన్నదని చెప్పే సాక్ష్యం. అపొస్తలుడైన పౌలు రోమీయులకు పంపిన పత్రిక తన చేత్తో రాయలేదు. ఆయన చెప్పగా తెర్తియు అనేవాడు రాశాడు. పత్రిక చివర రాసింది తానేనని తెర్తియు తన పేరు తానే పెట్టి వందనాలు చెప్పాడు. ఒకరి కోసం మరొకరు రాయడంలో తప్పు లేదు. మా చాలులో సగం ఉత్తరాలు అట్లా రాసినవే. నేను పేరు దాచాను, తప్పు అక్కడ ఉంది.

సోమవారం దుప్పట్లు నానబెట్టి బడికి పోయి టీచరుతో చెప్పాను. ఆమె పెద్దగా పట్టించుకోలేదు. "అందరు తల్లులూ చేసేదే" అన్నది. కాని నక్షత్రం కొట్టేసింది. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ నాకు తేలని సంగతి ఇదే. చెప్పడం సరైనదే. కాని నా మనస్సాక్షి బరువు దించుకోవడానికి వాని నక్షత్రం ఖర్చు పెట్టాను. బయల్దేరే ముందు "నేను పోయి చెబుతున్నాను, నీవు కూడ వస్తావా?" అని ఎనిమిదేళ్ళ వాణ్ణి ఒక మాట అడగవలసింది. పెద్దలం మన పశ్చాత్తాపం కూడా పిల్లల చేత మోయిస్తాం.

ఆ తర్వాత క్యాలెండరు వెనుక లెక్క మార్చాను. మంగళవారం బియ్యం ఏరేటప్పుడు వాడు నా ఎదుట కూర్చోవాలి. ముందు పది నిమిషాలు వాడు కూడా రాళ్ళు ఏరాలి, వెల్లుల్లి పొట్టు తీయాలి. బొటనవేలు, చూపుడువేలు పట్టు కుదరడానికి అంతకంటె మంచి సాధన నాకు కనబడలేదు. పెన్సిలు పట్టేది కూడా ఆ వేళ్ళతోనే గదా, మధ్యవేలు కింద ఆనుకొంటుంది. తర్వాత ఒక్కటే అక్షరం, ఒక్కటే వరుస. పేజీలు లేవు. బియ్యం డబ్బా బోర్లించి దాని మీద పలక పెట్టుకొనేవాడు. వారానికి ఒక అక్షరం గుండ్రంగా కుదిరితే చాలనుకొన్నాం. అరసున్న, ౠ లాంటి వాటిని వదిలేశాను, వాటితో ఈ కాలంలో ఎవరికీ పని లేదు. ఆరేడు నెలలకు వాని వత్తులు వాటి చోట అవి కూర్చున్నాయి.

ఇక్కడితో ముగిస్తే నేను మంచి తల్లినే అయిపోతాను. కాని ఇంకొక సంగతి ఉంది.

మాకు పెద్దది ఆడపిల్ల. అప్పుడు ఆరో తరగతి. బిందెలు మోసేది ఆమే, మోరీ దగ్గర అంట్లు తోమేది ఆమే. దాని రాత ముత్యాలు. ఎవరూ నేర్పలేదు. గల్లీలో ముసలివాళ్ళకు ఊరికి కార్డులు రాసిపెట్టేది. మనియార్డరు ఫారం కింద ఉండే ఆ కాస్త చోటులో నాలుగు మాటలు ఇమిడ్చి రాసేది. దాని నోటుపుస్తకం నేను ఎన్నడూ తెరిచి చూడలేదు. బాగున్నదాన్ని చూసేదేమిటి అనుకొన్నాను. ఒక మంగళవారం వాడు రాస్తుంటే, నేను పక్కన కూర్చొని మెచ్చుకొంటుంటే, మోరీలోంచి గిన్నెల చప్పుడు కొంచెం గట్టిగా వినిపించింది. అంతే. మాట ఏమీ అనలేదు అది. కాని నాకు తెలిసింది. కొడుకుకు ఇస్తున్నాననుకొన్న గంట నాది కాదు. కూతురిది తీసి ఇస్తున్నాను.

2019లో మన ప్రభుత్వం చేయించిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవారు రోజుకు 299 నిమిషాలు, చేసే మగవారు 97 నిమిషాలు దానికి పెడతారని తేలింది. అసలు చేసే మగవారే నూటికి 26 మంది. మా ఇంట్లో అప్పుడు ఆ లెక్క కూడా లేదు. ఆ రాత్రి మా ఆయనతో మాట్లాడాను. మాట్లాడాననడం మర్యాద కోసం, నిజానికి పోట్లాడాను. వారానికి మూడు రోజులు నల్లా దగ్గరికి ఆయన పోవడం మొదలుపెట్టారు. మొదట్లో గల్లీలో నవ్వారు. కొన్నాళ్ళకు ఇంకొక ఇద్దరు మగవాళ్ళు బిందెలతో వచ్చారు. మంగళవారం అంట్లు వాడు రాయడం అయ్యాక వాడే తోమాలన్నాం. మా మామగారికి ఇది నచ్చలేదు, చివరిదాకా నచ్చలేదు. కాని మనుమరాలి పుస్తకం అడిగి తెప్పించుకొని, చదవడం రాకపోయినా, పేజీలు తిప్పుతూ చాలాసేపు చూసేవారు.

ఇప్పుడు ఫోన్లు వచ్చాయి, చేతిరాత దేనికని మీరనవచ్చు. 2016 నుంచి ఫిన్లండు దేశం కలిపిరాత నేర్పడం తప్పనిసరి కాదన్నది. నార్వేలో 36 మంది విద్యార్థుల మీద జరిపి 2024లో ప్రకటించిన పరిశీలనలో మాత్రం, మీటలు నొక్కేటప్పటికంటె చేత్తో రాసేటప్పుడు మెదడులోని భాగాలు ఒకదానితో ఒకటి ఎక్కువగా కలిసి పనిచేస్తాయని కనబడింది. గమనించండి, రాయడం వల్ల. అందంగా రాయడం వల్ల అని వారనలేదు. మా వాని రాత ఈనాటికీ అందమైనది కాదు. చదవడానికి వస్తుంది. మొన్న పక్క ఖోలీ తాతకు బ్యాంకు ఫారం నింపిపెట్టాడు, క్లర్కు తిరిగి పంపలేదు.

ఆ చిన్న తల్లికి నేను కూడికలో చెప్పింది ఇంతే. పేజీలు తగ్గించమని టీచరును అడుగు, ఒక పనిలో పిల్లవాణ్ణి కలుపుకో, వారానికి ఒక్క అక్షరం చాలు, వాని బదులు మాత్రం రాయకు. ఆమె తల ఊపి చాయ్ గ్లాసులు ఏరుకొని పోయింది. ఆమెకు పెద్ద కూతురు ఉన్నదా అని అడగడం మరచిపోయాను. వచ్చే కూడికలో అడగాలి.