చేతి మెఱుగు

తన వస్తువును తానే తుడుచుకొనుట గౌరవమునకు లోపమా? ఈ ప్రశ్న వినుటకు చిన్నదే. ఐనను మన ఇండ్లలో ప్రతిదినమును దీనికి మాటలతో గాక చేతలతో సమాధానము చెప్పుచునే యున్నాము. తిన్న కంచము కడుగుటకు ఒకరు, విప్పిన బట్ట ఉతుకుటకు ఒకరు, ఎక్కి తిరిగిన బండి తుడుచుటకు ఒకరు. వస్తువు మనది, దాని మురికి మాత్రము పరులది! పనిచేయు చేయి తక్కువది, చేయించు నోరు ఎక్కువది అను కులపు లెక్క మన పెరటిలో ఏనాటినుండియో నిలిచియున్నది. కారు కొన్నవాడు ఆ లెక్కను కారుతోపాటు వాకిటికిని తెచ్చుకొన్నాడు. ఈ విషయమున నేను బోధకుడను గాను, దోషిని. కావున నా కథయే చెప్పెదను.

మేము హనుమకొండలో కాపురమున్నాము. నాకు తొమ్మిదేండ్ల నాటి నల్లని కారొకటి కలదు. నలుపునకొక గుణమున్నది, అది ఏ గీతను దాచదు. ఇరువదేండ్ల యువకుడొకడు తెల్లవాఱకమునుపే బకెట్టును గుడ్డలును పట్టుకొని మా వీధికి వచ్చి, పది పన్నెండిండ్ల బండ్లు కడిగి పోవుచుండెను. రెండేండ్లు నా కారును కడిగెను. ఆ రెండేండ్లలో అతడు పనిచేయుచుండగా నేను నిలిచి చూచినది నాలుగైదు మాఱులకు మించదు.

ఒకనాటి సాయంకాలమున ఎండ ఏటవాలుగా పడుచుండగా, నేను కూర్చుండు వైపు తలుపుపిడి వెనుకనున్న గుంటలో సన్నని గీతలు గుత్తుగా కనబడెను. మఱునాటి యుదయమున ఆ యువకుని పిలిచి, “ఇసుక గుడ్డతో రుద్దినావురా?” అని కేకలు వేసితిని. “నేను గాదు సార్. మంచి గుడ్డతోనే తుడుస్త” అని అతడనెను. నేను నమ్మలేదు. ఆ నెల జీతమున సగము పట్టుకొని, తక్కినది చేతిలో పెట్టితిని. అతడు దానిని లెక్కపెట్టుకొనలేదు. మఱునాటినుండి రాలేదు.

నేను నమ్మకపోవుటకు కారణమేమి? ఇప్పుడు విచారించి చూడగా ఒకటే కనబడుచున్నది. ఆ కారును తుడుచువాడు అతడు, తుడువనివాడను నేను. పనిచేసినవాని చేతిలోనే తప్పు జరిగియుండునని తలచితిని. ఏ పనియు చేయనివానికి తన నిర్దోషిత్వమును గూర్చి సందేహమే కలుగదు.

మఱియొక పనివాడు దొరకలేదు. రెండు నెలలకు కారు దుమ్ముపట్టి కాంతి తప్పెను. ఫిబ్రవరి మాసమున ఒక ఆదివారమునాడు, కారుకు పూయు మైనపు డబ్బా నొకదానిని కొనితెచ్చి, నేనే పనికి పూనుకొంటిని. మా ఇంటిలో పెంబర్తి ఇత్తడి దీపపు సెమ్మెలు రెండున్నవి. వానిని పండుగ పండుగకును చింతపండుతో తోముచు ముప్పదియేండ్లు గడపిన మా యింటి ఇల్లాలు గడపలో నిలిచి, “మెఱుగెక్కడనుండి వచ్చునో ఈనాటికి మీకును తెలియును” అని లోనికి పోయెను.

ఆ డబ్బాలోని మైనము వచ్చిన దారి పెద్దది. బ్రెజిలు దేశపు ఈశాన్య భాగమున కర్నూబా అను తాటిజాతి చెట్టు పెరుగును. అచ్చటి ఎండకును అనావృష్టికిని తన నీరు పోకుండ ఆ చెట్టు తన ఆకులకు తానే మైనము పూసికొనును. అచ్చటివారు ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి ఆ మైనమును రాల్తురు. మన తేనెపట్టు మైనము 62 మొదలు 64 డిగ్రీల వేడికే కరగును. ఇది 80 డిగ్రీలు దాటినగాని కరగదు. అంత గట్టిదానిని పూయుట సాధ్యము గాదు గనుక, ఆవిరియై పోవు నూనెలలో మెత్తజేసి ముద్దగా డబ్బాలకెక్కింతురు. పూసిన పిమ్మట నూనె ఎగిరిపోవును, మైనము నిలుచును. ఒక చెట్టు తన ప్రాణరక్షణకై చేసికొన్న కవచమును తెచ్చి మనము మన అలంకారమునకు వాడుకొనుచున్నాము.

ఐనను ఇది అలంకారము మాత్రమే కాదు. ఈ కాలపు కార్లలో రేకుమీద తుప్పు పట్టనీయని పూత, దానిపై రంగు, రంగుపై రంగులేని పారదర్శకమైన పూత యుండును. ఆ పై పూత సామాన్యముగా మన తలవెండ్రుక మందము కన్న తక్కువ. కారు కాంతి అంతయు దానిలోనిదే. గీతలు పోగొట్టు మెఱుగుమందు ఆ పూతనే కొంత అరగదీయును; మైనము దేనిని అరగదీయదు, ఏ గీతను మాన్పదు. పక్షి రెట్టయు, వాననీటి మరకయు, దుమ్మును తిన్నగా పూతను తాకకుండ కొన్నాళ్లు అడ్డుపడును, అంతే. ఈ భేదమును తెలిసికొనని నేను, మైనము పూసినచో గీతలు పోవునని తలచియే పని మొదలిడితిని.

పని చూచుటకు సులభము. బండిని కడిగి, ఆరదుడిచి, నీడకు తెచ్చుకొనవలెను. కాలిన రేకుమీద పూసినచో నూనె తటాలున ఎగిరి, మైనము అంటుకొని, తుడుచువాని భుజములు విఱుగును. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు మా ఓరుగల్లులో ఈ నియమమును మఱచినవాడు మఱల మఱవడు. తడిపి పిండిన మెత్తని దిండుతో రవంత మైనము తీసికొని, జానెడు మూరెడు స్థలమున పలుచగా పూయవలెను. కొంతసేపటికి అది మంచువలె తెల్లబాఱును. వ్రేలితో గీచి చూచినప్పుడు అడుగున శుభ్రముగా కనబడినచో, మెత్తని గుడ్డతో, గుడ్డ మడతలు మార్చుచు తుడిచివేయవలెను. నేను మొదట పెండ్లి గంధమువలె దట్టముగా పూసితిని. ఎక్కువైన దంతయు గుడ్డ పాలయ్యెను. కారుకు మిగిలినది పలుచగా పూసినప్పుడు మిగులునంతయే.

ఇట్లు పనిచేయుచు తలుపుపిడి కడకు వచ్చితిని. గుంటలో మైనము పూయుటకు వ్రేళ్లు దూర్చగా ‘చఱ్ఱు’మని చిన్న చప్పుడయ్యెను. చేయి వెనుకకు తీసి చూచితిని. నా యుంగరము! పనికి ముందు దానిని తీసి పెట్టవలెనని నాకు తోచలేదు. ఉన్న గీతల నడుమ, అదే వంపుతో, క్రొత్త గీత యొకటి పడియుండెను.

అప్పుడు తక్కిన తలుపులను పరీక్షించితిని. నా భార్య ప్రక్కన కూర్చుండు తలుపున రెండు మూడు గీతలు. ఎవరును అంతగా తెఱువని వెనుక తలుపులలో ఒకదానను లేవు. ఆ యువకుడు నాలుగు తలుపులను ఒకే గుడ్డతో తుడిచెను. గీతలు గుడ్డవైనచో నాలుగింటను ఉండవలెను. దినమునకు నాలుగు మాఱులు తలుపు తెఱచు చేయి ఎవరిదో, దానికి ఉంగరమున్నదో లేదో, ఇంత సులభమైన విచారణను నేను రెండు నెలల క్రిందట ఏల చేయలేదు? వంగి చూడలేదు గనుక. వంగుట నా పని గాదని తలచితిని గనుక.

సగము జీతము జేబులో వేసికొని, అతని ఇల్లు అడుగుచు నడచి పోయితిని. దారి వేయిస్తంభముల గుడి ముందుగా పోవును. కాలు అక్కడ నిలిచెను. కాకతీయ రుద్రదేవుడు 1163వ సంవత్సరమున కట్టించిన గుడి యది. అందలి నల్లరాతి స్తంభములను, నందిని చూచినవారెల్లరు ఆ నునుపును మెచ్చుకొందురు. ఎనిమిది వందల యేండ్లు దాటినను ఆ రాయి మెఱయుచునే యున్నది. కట్టించిన రాజు పేరు శాసనమున నున్నది. శాసనము రచించిన అచింతేంద్రుని పేరును ఉన్నది. ఆ రాతిని నెలల తరబడి రుద్దిన చేతుల పేర్లు లేవు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడిని మాత్రము జనులు రామప్ప గుడియనియే పిలుచుచున్నారు. రామప్ప దాని శిల్పి యని ప్రతీతి. జనుల నాలుక చేసిన న్యాయమది. ఐనను అదియు ఒక్క పేరికే; రుద్దినవారికి కాదు. నేను ప్రతియేడును ఆ స్తంభములను బంధువులకు చూపి గర్వపడువాడను. నా వాకిట రెండేండ్లు నలుపును మెఱయించిన చేతిని దొంగచేతివలె చూచి పంపినవాడనును నేనే.

ఇచ్చట కొందఱు చదువరులు అడుగవచ్చును: ఎవరి పని వారు చేసికొన్నచో పేదవానికి కూలి ఎట్లు దొరకును? న్యాయమైన ప్రశ్నయే. ఈ వ్యాసము చదివి ఎవరును తమ పనివానిని మానిపింపవలదు. కూలికి పనిచేయించుట దోషము గాదు. ఆ పని ఎట్టిదో ఎఱుగకయే దానికి వెల కట్టుట, దానియందు తప్పు పట్టుట దోషము. ఏడాదికి ఒక్కమాఱైనను యజమానుడు ఆ గుడ్డను తన చేత పట్టవలెను. భుజము నొప్పి యెంతయో తెలిసినవాడు జీతము సగము కోయుటకు ముందు ఒక క్షణమైనను ఆగును. ఇల్లాలు తోమిన పాత్రను తప్పుపట్టు మగవారికిని ఇదియే నా విన్నపము.

యువకుడు ఇంటనే యుండెను. నేను జరిగినది చెప్పి, “తప్పు నాది, నీది కాదు” అని డబ్బు చేతిలో పెట్టితిని. అతడు ఈసారి లెక్కపెట్టుకొనెను. పిమ్మట నా చేతివైపు చూచి, “ఉంగరం తీసి రుద్దాలె సార్. నేనైతే చేతికి దారం గూడ ఉంచుకోను” అనెను. మఱల మా వీధికి రమ్మంటిని. వేఱొక వీధిలో పని కుదిరినదని చెప్పెను. అతని మాటలో కోపము లేదు. రావలెనను ఆశయు లేదు. నేను ఇంకేమియు అడుగలేక తిరిగి వచ్చితిని.

మైనపు పూత రెండు మూడు నెలలకు మించి నిలువదు. వానచుక్కలు ముత్యములవలె నిలువక పరచుకొనిపోవుట మొదలైనచో అది తఱిగినదని గుర్తు. అప్పుడు మఱల పూయుచున్నాను. పిడివెనుక గీతలు అట్లే యున్నవి. వానిని అరగదీయించుకొనుటకు వీలున్నను నేను ఆ పని చేయింపలేదు. ప్రతిమాఱును అచ్చటికి రాగానే చేయి ఆగును. ఉంగరము తీసితినో లేదో చూచుకొందును.